పనిలో పని: పాత స్పోర్ట్స్ కారు, పలచని పర్సు

అందరికీ నమస్కారం.

నేను నా కారులోనే వచ్చాను. బయట చెట్టు కింద నిలబెట్టాను. దారిలో ఎక్కడా ఆగలేదు కాబట్టి ఈ ప్రసంగం టైముకి మొదలైంది. ఆగి ఉంటే అక్కడికే వచ్చి వినండని కబురు పెట్టేవాణ్ణి.

అది మొదటి తరం మాజ్దా ఎంఎక్స్-5. అమెరికాలో మియాటా అంటారు. 1989 ఫిబ్రవరిలో షికాగో ఆటో షోలో మొదటిసారి చూపించారు, 1997 దాకా ఆ తరం తయారైంది. రెండే సీట్లు, మడిచే గుడ్డ టాపు, 1.6 లీటర్ల ఇంజన్, సుమారు 115 హార్స్‌పవర్, టన్నుకు కాస్త తక్కువ బరువు. స్పోర్ట్స్ కారు అంటున్నాడు, బలం ఇంతేనా అనుకుంటున్నారు కదా. చేతిలో డబ్బు తక్కువున్నవాడికి ఆ తక్కువ బలం, తక్కువ బరువే మేలు. బండి తేలికైతే టైర్లు చిన్నవి, బ్రేకులు చిన్నవి, క్లచ్ చిన్నది. ప్రతి బిల్లూ ఆ మేరకు తగ్గుతుంది.

కొన్నప్పుడు మీటరు 2,80,000 కిలోమీటర్లు చూపిస్తోంది. ఆ అంకె చూసే మిగతావాళ్లు వెనక్కి తగ్గారు, ఆ అంకె వల్లే అది నాకు అందుబాటులోకి వచ్చింది. నా అనుభవంలో బాగా తిరిగిన బండి కంటే ఏళ్ల తరబడి కదలకుండా పడున్న బండే ప్రమాదం. తిరిగిన బండికి ఎప్పటికప్పుడు ఆయిల్ మార్చి ఉంటారు, రబ్బరు సీళ్లు తడిగా ఉంటాయి, బ్రేకు పిస్టన్లు కదులుతూ ఉంటాయి. నిలిచిపోయిన బండిలో పెట్రోలు చెడిపోతుంది, సీళ్లు ఎండిపోతాయి, ఎలుకలు వైర్లు కొరుకుతాయి. మీటరు తక్కువ చూపించినంత మాత్రాన ఇవేవీ ఆగవు.

అలాగని ఎంత తిరిగినా ఫరవాలేదని అనను. కొనేముందు కంప్రెషన్ టెస్టు చేయించండి. ఇంజన్ వేడెక్కాక స్పార్క్ ప్లగ్గులన్నీ తీసి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి, స్టార్టర్ తిప్పుతూ ఒక్కో సిలిండర్ ఎంత ఒత్తిడి ఇస్తోందో చూడాలి. నాలుగూ దగ్గర దగ్గరగా ఉంటే చాలు. ఒకటి బాగా తక్కువుంటే అందులో ఒక చెంచా ఆయిల్ పోసి మళ్లీ చూడండి. అంకె పెరిగితే పిస్టన్ రింగులు అరిగాయి. పెరగకపోతే అనుమానం సిలిండర్‌లోకి గాలిని వదిలి, పొగను బయటికి పంపే వాల్వుల మీదికో, సిలిండర్ల పైమూత కింద ఉండే హెడ్ గ్యాస్కెట్ మీదికో పోతుంది. ఈ పరీక్షకు గంట కూడా పట్టదు. అయినా చాలామంది ఇది వదిలేసి మీటరు చూసి బేరమాడతారు.

ఇంజన్ పాడైతే ఇంకోటి దొరుకుతుంది. తుప్పు పట్టిన బాడీకి అంత తేలికైన దారి లేదు. ఈ కారులో తుప్పు మొదలయ్యే చోటు తలుపు కింద, వెనక చక్రానికి ముందు. టాపు మీద పడిన వాన నీరు సీట్ల వెనక ఉన్న రెండు గొట్టాల గుండా కిందికి పోవాలి. ఎండుటాకులు, దుమ్ము చేరి ఆ గొట్టాలు మూసుకుపోతే నీళ్లు దారి తప్పి కార్పెట్ కిందికీ, తలుపు కిందున్న పెట్టె లాంటి భాగంలోకీ చేరతాయి. దాన్ని సిల్ అంటారు. ఇనుప పైకప్పు లేని కారుకు ఆ సిల్ వెన్నెముక లాంటిది. లోపల్నుంచి తినుకుంటూ వచ్చిన తుప్పు పైకి బుడగలా కనిపించేసరికి లోపలి రేకు జల్లెడైపోయి ఉంటుంది. కొందరు దానికి లప్పం పెట్టి, రంగు కొట్టి అమ్మేస్తారు. ఒక చిన్న అయస్కాంతాన్ని మెత్తటి గుడ్డలో చుట్టి తీసుకెళ్లండి. అది అంటుకోకుండా జారిపోయిందంటే అక్కడున్నది రేకు కాదు. ఇక బేరం అక్కర్లేదు, దండం పెట్టి వచ్చేయండి.

నా కారు సిళ్లు గట్టిగా ఉన్నాయి, గొట్టాలు మాత్రం మూసుకుపోయాయి. మెత్తటి ప్లాస్టిక్ తీగతో పొడిచి, నీళ్లు పోసి శుభ్రం చేశాను. ఖర్చు సున్నా. అక్కడితో ఆగాల్సింది. కార్పెట్ తడిసి ఉందని, ఆరబెడదామని సీట్లు విప్పాను. సీట్లు తీశాం కదా, పనిలో పని, మధ్య కన్సోల్ కూడా తీసి కడుగుదాం. అది తీశాం కదా, పనిలో పని, హీటర్ శబ్దం ఏమిటో చూద్దాం. డాష్‌బోర్డు మొత్తం నేల మీదికొచ్చింది. మరలన్నీ ఒకే డబ్బాలో పోశాను, ఏది ఎక్కడిదో తెలియలేదు. కారు అయిదు నెలలు కదలలేదు. ఆ అయిదు నెలల్లో బ్రేకు డిస్కును పట్టి ఆపే వెనక కాలిపర్లు రెండూ బిగుసుకుపోయాయి. నిలిచిన బండి చెడుతుందని మీకిందాక చెప్పాను చూశారా, అది నాకు తెలిసొచ్చింది ఇలాగే.

ఈ ‘పనిలో పని’ అనే మాట దగ్గర కాసేపు ఆగాలి. బడ్జెట్ ఇందులోనే కొట్టుకుపోతుంది, ఇందులోనే మిగులుతుంది కూడా. ఒకసారి విప్పిన చోటికి మళ్లీ విప్పితే తప్ప చేరలేని భాగాలుంటాయి. వాటిని అప్పుడే మార్చడం లాభం. ఎప్పుడంటే అప్పుడు విప్పుకోగలిగినవి మాత్రం ఆగగలవు.

ఉదాహరణకు టైమింగ్ బెల్టు, అంటే పిస్టన్లతో లయ తప్పకుండా వాల్వులను నడిపించే పళ్ల పట్టీ. ఈ ఇంజన్‌లో దాన్ని సుమారు 1,00,000 కిలోమీటర్లకు ఒకసారి మార్చాలి. బెల్టు చవక, దాని దాకా చేరడమే పని. కాబట్టి అక్కడే ఉన్న వాటర్ పంపు, తిరిగే ఇరుసుల దగ్గర ఆయిల్ కారకుండా ఆపే క్యామ్ సీళ్లు, ముందువైపు క్రాంక్ సీలు, బెల్టును బిగువుగా ఉంచే టెన్షనర్ బేరింగులు కూడా మార్చేయండి. వాటర్ పంపుకు కక్కుర్తి పడి వదిలేస్తే అది ఆర్నెల్లకు కారుతుంది, మళ్లీ మొదటికొస్తారు.

బెల్టు పనిలో ఒక జాగ్రత్త ఉంది. 1991 దాకా వచ్చిన ఇంజన్లు చాలావాటిలో పిస్టన్ల బలంతో తిరిగే ఇరుసు, అంటే క్రాంక్‌షాఫ్ట్, ముందు కొస పొట్టిగా ఉంటుంది. ఇంతకుముందు బెల్టు మార్చినవాళ్లు అక్కడి బోల్టు సరిగా బిగించకపోతే అక్కడి చక్రం ఇరుసు మీద జారకుండా పట్టే కీ అనే చిన్న లోహపు ముక్క, దాని గాడి నెమ్మదిగా అరిగిపోతాయి. ముందు పుల్లీలో కనిపించే గాళ్లు లెక్కపెట్టండి. నాలుగుంటే పొట్టి కొస, ఎనిమిదుంటే తర్వాత వచ్చిన పొడుగు కొస. ఇంజన్ ఐడిల్‌లో ఉండగా పుల్లీ ఊగుతోందేమో కళ్లతో చూసినా తెలుస్తుంది. ఊగుతుంటే ఆ కారు వదిలేయండి, లేదంటే ధర గట్టిగా తగ్గించమనండి.

ఒక మంచి సంగతి కూడా చెప్పాలి. ఈ ఇంజన్‌లో బెల్టు తెగితే కారు ఆగిపోతుందంతే, వాల్వులు పిస్టన్లకు తగలవు. 1982 నుంచి 1991 దాకా వచ్చిన పోర్షే 944 కూడా ఒక్కోసారి ఆశ పుట్టించే ధరకు కనిపిస్తుంది. దాంట్లో బెల్టు తెగిందంటే వాల్వులు వంగిపోతాయి. గేర్‌బాక్సు వెనకవైపు ఉంటుంది కాబట్టి క్లచ్ మార్చాలంటే సగం కారు విప్పినంత పని. గొప్ప కారే, ఆ మాట కాదనను. కానీ కొన్న ధర వేరు, పెంచే ధర వేరు.

క్లచ్ అంటే గుర్తొచ్చింది. మొదటి గేరు పడటానికి మొరాయిస్తుంటే వెంటనే క్లచ్ ప్లేటు పోయిందనుకోకండి. పెడల్ ఒత్తిడిని క్లచ్‌కు చేర్చే, గేర్‌బాక్సు పక్కనుండే స్లేవ్ సిలిండర్ తరచుగా కారుతుంది. రెండు బోల్టులు, ఒక పైపు, అంతే. దాన్ని మార్చాక పెడల్ దగ్గరుండే పాత మాస్టర్ సిలిండర్ కూడా తొందరగానే కారడం మొదలుపెడుతుంది, అందుకని జతగా మార్చడం మంచిది.

ఇప్పుడు నా ఆయిల్ కథ. ఇంజన్‌కీ గేర్‌బాక్సుకీ మధ్య నుంచి నేల మీద ఆయిల్ చుక్కలు పడేవి. ఒక వర్క్‌షాపులో చూపిస్తే ‘వెనక క్రాంక్ సీలు పోయింది, గేర్‌బాక్సు దించాలి’ అన్నారు. వాళ్లు చెప్పిన మొత్తం నేను కారుకు పెట్టినదానికి దగ్గర్లో ఉంది. డబ్బు లేక వాయిదా వేశాను. అప్పుడప్పుడు పేదరికం కూడా మంచి మెకానిక్కే. ఆ వాయిదాలో ఇంజన్ వెనకభాగమంతా కడిగి, తుడిచి, రెండు రోజులు తిప్పి, టార్చిలైటు వేసి పైనుంచి కిందికి చూశాను. ఆయిల్ మొదలవుతున్నది పైన, సిలిండర్ హెడ్ వెనక. అక్కడ వాల్వులు నడిపే ఇరుసు ఎంత తిరిగిందో కొలిచే క్యామ్ యాంగిల్ సెన్సర్ అని ఒకటుంటుంది, దాని చుట్టూ ఒక రబ్బరు రింగు. ముప్పై ఏళ్ల వేడికి అది గాజులా గట్టిపడింది. కారిన ఆయిల్ గేర్‌బాక్సు మీదుగా దిగి, వెనక సీలు పోయినట్టే చుక్క కడుతోంది. సెన్సర్ విప్పేముందు అది ఉన్న కోణానికి గీత పెట్టుకోండి, కదిలితే ఇగ్నిషన్ టైమింగ్, అంటే స్పార్క్ పడే సమయం, మారుతుంది. రింగు ఖరీదు దాదాపు ఏమీ లేదు. చేయి పట్టని సందులో వేళ్లు చెక్కుకుపోవడమే అసలు ఖర్చు.

బ్రేకులు, టైర్లు, జాకీ స్టాండ్ల దగ్గర మాత్రం పొదుపు వద్దు. ఒక్క జాకీ మీద ఆనించిన కారు కిందికి ఎప్పుడూ దూరకండి. టైరు పక్కన తయారీ తేదీ నాలుగంకెల్లో ఉంటుంది. 2311 అంటే 2011వ సంవత్సరం 23వ వారం. గాళ్లు ఎంత లోతున్నా ఆ వయసు టైరు నాకొద్దు. బ్రేకు ద్రవం గాల్లోని తేమను పీల్చుకుంటుంది, రెండేళ్లకోసారి మార్చండి. రేడియేటర్ మీది నల్ల ప్లాస్టిక్ గోధుమ రంగుకో, ఆకుపచ్చకో తిరిగితే పగలబోతోందని గుర్తు, అది ఆగదు. తలుపు హ్యాండిళ్లు, అద్దాల మోటార్లు, సీట్లు, ట్రిమ్ ముక్కలు పాత సామాన్ల షాపులో తెచ్చుకోండి, ఏమీ కాదు. ఈ మోడల్ అన్ని తరాలూ కలిపి 2016లో పది లక్షలు దాటింది కాబట్టి విడిభాగాలకు కొదవ లేదు. మాజ్దా స్వయంగా 2017లో జపాన్‌లో మొదటి తరం కార్లను బాగుచేసే కార్యక్రమం ప్రకటించింది. మన బడ్జెట్‌కు అది చాలా దూరం, కానీ దానివల్ల ఆగిపోయిన కొన్ని భాగాలు మళ్లీ తయారయ్యాయి.

రంగు గురించి ఎక్కువ చెప్పను. కాగితాల్లో ఎరుపు, ఎండకు గులాబీ అయిపోయింది. పాలిష్ పేస్టుతో రెండు ఆదివారాలు రుద్దాను, గుడ్డలన్నీ ఎర్రబడ్డాయి, కారు కూడా. డ్రైవర్ తలుపు మీద సొట్ట అలాగే ఉంది, అది రోడ్డు మీద నన్ను ఇబ్బంది పెట్టడం లేదు.

టైమైపోయిందని సైగ చేస్తున్నారు. ప్రశ్నలుంటే బయటికి రండి, బానెట్ ఎత్తే మాట్లాడుకుందాం. మడిచే హెడ్‌లైట్లు కూడా లేపి చూపిస్తాను. కుడిది కాస్త ఆలస్యంగా లేస్తుంది. లోపల బుష్ అరిగింది. తెచ్చి పెట్టాను, ఇంకా వెయ్యలేదు.