కోచ్‌ని తీసేస్తే 630 కోట్లా? ఎవరి డబ్బండీ అది?

నమస్తే అండీ. అమెరికాలో కాలేజీ ఫుట్‌బాల్ (మన సాకర్ కాదు, అమెరికన్ ఫుట్‌బాల్) కోచ్‌ని తీసేశారని వార్త వస్తే చాలు, కింద ఎవరో ఒకరు "మన పిల్లలు కట్టే ఎంఎస్ ఫీజులన్నీ ఈ కోచ్‌లకే పోతున్నాయి" అని రాసేస్తారు. చదివి చదివి విసుగొచ్చింది, అందుకే ఈ వీడియో.

కోచ్ జింబో ఫిషర్ సంగతే చూడండి. టెక్సాస్ ఏ అండ్ ఎం, మనవాళ్లు బోలెడంతమంది చదివే యూనివర్సిటీయే. 2023 నవంబర్ 11న మిసిసిపి స్టేట్‌ని 51-10తో చిత్తు చేసిన కోచ్‌ని మర్నాడే ఇంటికి పంపేశారు, పంపినందుకు ఇవ్వాల్సింది సుమారు 7.6 కోట్ల డాలర్లు, అంటే అప్పటి రేటులో 630 కోట్ల రూపాయలు!

ఎందుకంటే 2021లో ఒప్పందాన్ని 2031 దాకా పొడిగించి, మొత్తం గ్యారంటీ అని సంతకం పెట్టేశారు. పెళ్లి వంట అనుకోండి. మీ ఇంట్లో పదేళ్లపాటు జరిగే శుభకార్యాలన్నిటికీ ఒకే వంటమాస్టారికి తాంబూలం ఇచ్చారు, మధ్యలో మాన్పించినా డబ్బంతా ఇస్తామని రాసిచ్చారు. మూడో పెళ్లిలో సాంబారు నచ్చలేదు, వద్దన్నారు. పైగా ఆయన రేపు ఎదురింట్లో వండుకున్నా మీరిచ్చేది రూపాయి తగ్గదు. ఆ షరతుకి ఒప్పుకున్నవాళ్లకి ఓ దండం. పెన్ స్టేట్ యూనివర్సిటీ నయం, 2025లో కోచ్ జేమ్స్ ఫ్రాంక్లిన్‌ని తీసేసినప్పుడు దాదాపు 4.9 కోట్ల డాలర్లు బాకీ, ఆయన వర్జీనియా టెక్‌లో చేరాక అది 90 లక్షలకి దిగింది. ఒక్క షరతు తేడా!

సరే, డబ్బెక్కడిది? చదివింపులండీ. ఏ అండ్ ఎంలో ఆటలకి నిధులు సేకరించే 12th మ్యాన్ ఫౌండేషన్‌కి దాతలిచ్చే విరాళాలు, టికెట్లు, టీవీ డబ్బు. ఫిషర్ తర్వాత వచ్చిన మాస్టారు మైక్ ఎల్కోకి మొదటి ఒప్పందంలో ఏడాదికి 70 లక్షల డాలర్లు, ఆయన తెచ్చుకునే సహాయకులకి వేరే, పాత సహాయకుల ఒప్పందాల లెక్క వేరే. చదివించే చుట్టాలున్న ఇల్లు కాబట్టి నెట్టుకొస్తోంది.

చుట్టాలు లేని ఇళ్లలోనే అసలు గొడవ. చిన్న యూనివర్సిటీలు చాలావాటిలో ఆటల ఖర్చులో పెద్ద వాటా విద్యార్థుల ఫీజులదే. అంటే ఆ కామెంట్ తప్పేం కాదు, పెట్టిన చోటే తప్పు.

టైమ్ అయిపోతోంది, గబగబా చెప్పేస్తా. ఇన్నాళ్లూ భోజనం పెడితే చాలన్నట్టున్న వడ్డన కుర్రాళ్లకి, అదే ఆటగాళ్లకి, 2025 జూన్‌లో కోర్టు ఆమోదించిన హౌస్ సెటిల్‌మెంట్‌తో (ఆటగాళ్లు వేసిన కేసులో కుదిరిన రాజీ అది) కాలేజీలే నేరుగా డబ్బివ్వొచ్చు, మొదటి ఏడాది ఒక్కో కాలేజీకి సుమారు 2.05 కోట్ల డాలర్ల దాకా. మాస్టారి బాకీ తీరకముందే ఈ ఖర్చొకటి!

అసలు పొయ్యే ఆర్పేసినవాళ్లూ ఉన్నారు. అమెరికాలోని అలబామా రాష్ట్రం, బర్మింగ్‌హామ్‌లో ఉన్న యూఏబీ అనే యూనివర్సిటీ, ఖర్చు భరించలేమని 2014 డిసెంబర్‌లో ఫుట్‌బాల్ మూసేసింది. ఊరంతా గోల, విరాళాలు, ఆరు నెలల్లో మాట వెనక్కి. 2015, 2016లో ఒక్క మ్యాచ్ లేదు, అయినా కోచ్ బిల్ క్లార్క్ గరిటె పట్టుకుని అక్కడే కూర్చున్నాడు. 2017లో మళ్లీ దిగారు, 2018లో తాము ఆడే లీగ్ కాన్ఫరెన్స్ యూఎస్ఏ టైటిల్ కొట్టారు.