ఇంట్లో నెట్ స్లో: రిపీటర్, మెష్, కొత్త రౌటర్, లాన్ కేబుల్... దేనికి డబ్బు పెట్టాలి?

నమస్తే అండీ. ఇంట్లో నెట్ స్లో అయిందంటే చాలామంది మొదట చేసేది ప్లాన్ పెంచడం. 100 ఎంబీపీఎస్ నుంచి 300కి మారతారు, అయినా లోపలి గదిలో వీడియో మళ్లీ అలాగే తిరుగుతూ ఉంటుంది. అందుకే ఇవాళ రిపీటర్ (వైఫై సిగ్నల్‌ని అందుకుని మళ్లీ ముందుకి పంపే పెట్టె), మెష్ (ఇంట్లో అక్కడక్కడ పెట్టినా ఒకే వైఫైలా పనిచేసే యూనిట్ల సెట్), కొత్త రౌటర్, మామూలు లాన్ కేబుల్, ఈ నాలుగింటి గురించీ నా అభిప్రాయం సూటిగా చెప్పేస్తాను. కాకపోతే ఏది కొనాలన్నా ముందు స్లో ఎక్కడ అవుతోందో తెలియాలి కదా, బయటి నుంచి వచ్చే లైన్‌లోనా, రౌటర్‌లోనా, వైఫైలోనా?

అది తేల్చడం ఏమంత కష్టం కాదు. ల్యాప్‌టాప్‌ని కేబుల్‌తో నేరుగా రౌటర్‌కి కలిపి, దాని వైఫై ఆపేసి, ఇంట్లో మిగతావాళ్లని రెండు నిమిషాలు నెట్ ముట్టుకోవద్దని చెప్పి స్పీడ్ టెస్ట్ పెట్టండి. ప్లాన్‌కి దగ్గరగా వచ్చిందంటే లైన్ బాగానే ఉన్నట్టు, లోపం ఇంట్లోనే ఉంది, ఇక ప్లాన్ పెంచి ఉపయోగం లేదు. రాకపోతే అదే టెస్ట్ తెల్లవారుజామున ఒకసారి, రాత్రి అందరూ వీడియోలు చూసే వేళ ఒకసారి చేయండి. రాత్రి మాత్రమే పడిపోతోందంటే అటువైపు రద్దీ ఎక్కువైంది. ఫైబర్‌లో బాగా వాడుకలో ఉన్న జీపాన్ పద్ధతిలో సుమారు 2.5 జీబీపీఎస్ డౌన్‌లోడ్‌ని ఒకే లైన్ మీదున్న 32 ఇళ్లో 64 ఇళ్లో కలిసి పంచుకుంటాయి. దీనికి మీరు ఇంట్లో చేయగలిగింది లేదు. టైమ్ కనిపించేలా స్క్రీన్‌షాట్లు తీసి కంప్లైంట్ పెట్టండి, ఊరికే స్లోగా ఉందని చెప్పడం కంటే అది చాలా గట్టిగా నిలబడుతుంది.

ఇక్కడే రెండు విషయాలు. ప్లాన్లు మెగాబిట్లలో అమ్ముతారు, ఫైల్ డౌన్‌లోడ్ అయ్యేటప్పుడు కనిపించేది మెగాబైట్లు. ఎనిమిది బిట్లు ఒక బైట్ కాబట్టి 100 ప్లాన్‌లో సెకనుకి 12 మెగాబైట్లు వస్తుంటే అది పూర్తి స్పీడే, టెన్షన్ పడకండి. రెండోది, 300 ప్లాన్ ఉండి కూడా కేబుల్ మీద ఎప్పుడు చూసినా 94, 95 దగ్గరే ఆగిపోతోందా? అయితే కేబుల్‌నో పోర్ట్‌నో అనుమానించండి. గిగాబిట్ స్పీడ్‌కి లాన్ కేబుల్‌లోని ఎనిమిది తీగలూ పని చేయాలి, ఒక్కటి తెగినా, కనెక్టర్‌లో సరిగ్గా కూర్చోకపోయినా లింక్ 100కి పడిపోవచ్చు. కొన్ని రౌటర్లలో అసలు పోర్టే 100 వరకు ఉంటుంది. ఒక కేబుల్ మారిస్తే పోయేదానికి మొత్తం కనెక్షన్నే మార్చేసేవాళ్లున్నారు, అది నాకు నిజంగా బాధగా అనిపిస్తుంది.

ఇప్పుడు వైఫై. 2.4 గిగాహెర్ట్జ్ దూరం వెళ్తుంది కానీ కిక్కిరిసి ఉంటుంది. ఒకదానికొకటి అడ్డుపడని చానెళ్లు 1, 6, 11 మాత్రమే, చుట్టుపక్కల రౌటర్లన్నీ వాటిలోనే సర్దుకోవాలి, పైగా బ్లూటూత్, మైక్రోవేవ్ ఓవెన్ కూడా ఆ పరిసరాల్లోనే పని చేస్తాయి. 5 గిగాహెర్ట్జ్ వేగంగా ఉంటుంది, గోడలు అడ్డొస్తే త్వరగా నీరసపడుతుంది. కాబట్టి రౌటర్‌ని టీవీ వెనకో బీరువాలోనో దాచకుండా ఇంటి మధ్యలో, కాస్త ఎత్తులో పెట్టి మళ్లీ చూడండి. పైసా ఖర్చు లేదు.

అయినా ఒక గదికి అందకపోతే చాలామంది రిపీటర్ కొంటారు. నా మాట వినండి, ఒకే రేడియోతో పనిచేసే చవక రిపీటర్ కొనొద్దు. అది వినాలి, విన్నదే మళ్లీ పంపాలి, రెండూ ఒకే చానెల్‌లో. స్పీడ్ దాదాపు సగమైపోతుంది, ఫోన్‌లో మాత్రం సిగ్నల్ గీతలన్నీ నిండుగా కనిపించి మోసం చేస్తాయి. మెష్ దీనికంటే చాలా నయం, ముఖ్యంగా యూనిట్ల మధ్య మాట్లాడుకోవడానికి విడిగా ఒక రేడియో ఉన్నదైతే. కానీ గోడ వెంట ఒక్క లాన్ కేబుల్ లాగి, ఆ చివర రెండో రౌటర్‌ని యాక్సెస్ పాయింట్ మోడ్‌లో (కేబుల్‌లో వచ్చిన నెట్‌ని వైఫైగా ఇచ్చే పని మాత్రమే చేసేలా) పెడితే వచ్చే నిలకడ వైర్‌లెస్ మెష్‌కి రాదు. కేబుల్ లాగే వీలుంటే కళ్లు మూసుకుని అదే చేయండి. టీవీ, డెస్క్‌టాప్ లాంటి కదలని వాటిని కూడా కేబుల్ మీదకి మార్చేస్తే వైఫై ఫోన్లకి ఖాళీ అవుతుంది.

అసలు చాలామందికి తెలియని కారణం ఇంకొకటుంది, నేను ఈ వీడియో చేసింది ముఖ్యంగా దానికోసమే. స్పీడ్ టెస్ట్‌లో 200 వస్తుంది, వీడియో కాల్ మాత్రం ముక్కలు ముక్కలవుతుంది. ఎందుకంటే అదే టైమ్‌లో ఎవరి ఫోనో ఫొటోలన్నీ క్లౌడ్‌కి ఎక్కిస్తూ అప్‌లోడ్‌ని నింపేసింది. మీ కాల్ ప్యాకెట్లు, అంటే కాల్‌ని మోసే చిన్న చిన్న డేటా ముక్కలు, పోలేదు, రౌటర్‌లోనో మోడెమ్‌లోనో ఆ ఫొటోల వెనక క్యూలో నిలబడ్డాయి, పెళ్లి భోజనాల దగ్గర మంచినీళ్ల కోసం వచ్చినవాడు కూడా అదే వరుసలో నిలబడ్డట్టు. దీన్ని బఫర్‌బ్లోట్ అంటారు. పరీక్షించడం తేలికే: పింగ్ (చిన్న సందేశం వెళ్లి తిరిగి రావడానికి ఎంత టైమ్ పడుతుందో చూపే టెస్ట్) నడుస్తుండగా పెద్ద ఫైల్ ఒకటి అప్‌లోడ్ పెట్టండి, 20 మిల్లీసెకన్లు ఉన్నది 300కి ఎగబాకిందంటే ఇదే రోగం. దీనికి మందు కూడా వచ్చి చాలా కాలమైంది. క్యాథ్లీన్ నికోల్స్, వాన్ జాకబ్సన్ 2012లో ఈ క్యూ మరీ పెరగకుండా చూసే కోడెల్ అనే పద్ధతిని ప్రకటించారు, దాని మీద కట్టిన ఎఫ్‌క్యూ కోడెల్ 2018లో ఆర్‌ఎఫ్‌సీ 8290 అనే ఇంటర్నెట్ సాంకేతిక పత్రంగా వచ్చింది. రౌటర్ సెట్టింగ్స్‌లో ఎస్‌క్యూఎం (స్మార్ట్ క్యూ మేనేజ్‌మెంట్, ఈ క్యూని అదుపు చేసే ఆప్షన్) అని ఉంటే ఆన్ చేసి, కేబుల్ మీద వచ్చిన స్పీడ్‌లో 85 నుంచి 90 శాతం అంకె ఇవ్వండి, డౌన్‌లోడ్‌కీ అప్‌లోడ్‌కీ విడివిడిగా. కొంచెం స్పీడ్ వదులుకుంటారు, కాల్ మాత్రం తెగదు. రౌటర్‌లో ఆ ఆప్షన్ లేకపోతే కనీసం ఫొటోల బ్యాకప్‌ని రాత్రి పడుకున్నాక జరిగేలా పెట్టుకోండి.

డీఎన్‌ఎస్ (సైట్ పేరుని దాని నెట్ అడ్రస్‌గా మార్చిపెట్టే సర్వీస్) మారిస్తే స్పీడ్ పెరుగుతుందనే వీడియోలు చాలా ఉన్నాయి. క్లౌడ్‌ఫ్లేర్ వాళ్ల 1.1.1.1 పెట్టినా గూగుల్ వాళ్ల 8.8.8.8 పెట్టినా సైట్ తెరుచుకోవడం కాస్త ముందు మొదలవ్వొచ్చేమో గానీ, మీ లైన్ డౌన్‌లోడ్ స్పీడ్‌ని అది పెంచదు.

ఇక కొత్త రౌటర్. మీ దగ్గరున్నది 2.4 గిగాహెర్ట్జ్ మాత్రమే ఇచ్చే పాతదైతే మార్చండి, తేడా ఆ రోజే తెలుస్తుంది. వైఫై 7 అని పెట్టె మీద రాసి ఉందని మాత్రం ఎగబడకండి, మీ ఫోన్లు వైఫై 5 వరకే అయితే వాటికి అందేది అంతే. గిగాబిట్ పోర్టులు, ఎస్‌క్యూఎం, సెక్యూరిటీ అప్‌డేట్లు ఎన్నేళ్లు ఇస్తారు, ఈ మూడూ చూసుకుని కొనండి, అది కూడా కేబుల్ టెస్ట్ చేశాకే.