షాక్ ముందా, పెట్టెలు ముందా?

హోస్ట్: అన్నా, కొత్త టూరింగ్ బండి వచ్చి మూడు వారాలైంది, కొనాల్సిన వాటి లిస్టు మాత్రం చాంతాడంత అయింది. వెనక షాక్ అబ్జార్బర్, రెండు పక్కలా తగిలించే పెట్టెలు అంటే పానియర్లు, సీటు వెనక టాప్ బాక్స్, క్రాష్ గార్డ్, ఫాగ్ లైట్లు... ఏది ముందు?

గెస్ట్: ఏదీ కొనకు. ముందు టేపు తీసుకో, కొలిచే టేపు.

హోస్ట్: మొదలెట్టావా!

గెస్ట్: విను. వెనక చక్రం నేలకి ఆనకుండా ఎత్తి, యాక్సిల్ నుంచి సరిగ్గా పైన బాడీ మీద ఒక గుర్తు దాకా కొలువు. తర్వాత హెల్మెట్, జాకెట్‌తో సహా ఎక్కి కూర్చుంటే ఇంకొకరు మళ్లీ కొలవాలి. ఆ తేడానే సాగ్ అంటారు. చక్రం ట్రావెల్‌లో, అదే చక్రం పైకీ కిందికీ కదలగల మొత్తం దూరంలో, 30 శాతం అటూఇటుగా ఉంటే బాగున్నట్టు, అంటే 170 మిల్లీమీటర్ల ట్రావెల్ ఉన్న బండికి 50 దగ్గర రావాలి.

హోస్ట్: ఎక్కువ వస్తే ప్రీలోడ్, అదే స్ప్రింగ్‌ని ముందే కాస్త నొక్కిపెట్టే సర్దుబాటు, బిగించేస్తే సరి కదా?

గెస్ట్: అక్కడే అందరం బోల్తా పడతాం. మామూలు స్ప్రింగ్‌కి ప్రీలోడ్ ఎంత తిప్పినా గట్టిపడదు, బండి కాస్త ఎత్తులో నిలబడుతుంది, అంతే. నువ్వు కూర్చున్నప్పుడు లెక్క సరిపోయినా, నువ్వు దిగాక బండి తన బరువుకి అస్సలు కిందికి దిగడం లేదనుకో, ఆ స్ప్రింగ్ నీకు మెత్తన. వినడానికి తలకిందులుగా ఉంటుంది కానీ అంతే.

హోస్ట్: అయితే షాకే ముందు కొనాలన్నమాట.

గెస్ట్: నేనూ అలాగే కొన్నా! నా ఒక్కడి బరువు చెప్పి స్ప్రింగ్ వేయించుకున్నా. ఆ తర్వాత పానియర్లు, టాప్ బాక్స్ వచ్చాయి, వెనక మా ఆవిడ కూర్చుంది. మొదటి రాత్రి ఎదురొచ్చిన ప్రతివాడూ నాకు డిమ్ కొట్టాడు, వీళ్లకేం పోయేకాలం అని తిట్టుకున్నా కూడా. ఆగి చూస్తే తోక కుంగిపోయి నా హెడ్‌లైటే వాళ్ల కళ్లలోకి కొడుతోంది. మలుపుల్లో హ్యాండిల్ తేలిపోతోంది. మళ్లీ స్ప్రింగ్ మార్చాల్సి వచ్చింది.

హోస్ట్: అంటే సామాను తేల్చుకున్నాకే స్ప్రింగ్.

గెస్ట్: అవును. గట్టి స్ప్రింగ్ పడితే రీబౌండ్ డ్యాంపింగ్, అంటే నొక్కుకున్న స్ప్రింగ్ ఒక్కసారిగా పైకి లేవకుండా ఆపే పట్టు, అది కూడా కొంచెం పెంచాలి, లేకపోతే గుంత దాటాక సీటు ఎగరేస్తుంది. ప్రతిసారీ రెండు క్లిక్కులే తిప్పు, ముందున్న లెక్క రాసిపెట్టుకో. ఇద్దరు ఎక్కడం, ఒక్కడివే వెళ్లడం తరచూ మారుతుంటే చేత్తో తిప్పే ప్రీలోడ్ నాబ్ ఉన్న షాక్ తీసుకో, దారిలో స్పానర్ వెతుక్కోనక్కర్లేదు.

హోస్ట్: మరి టాప్ బాక్స్?

గెస్ట్: నాకు పెద్దగా ఇష్టం లేదు. వెనక యాక్సిల్‌కి అవతల వేలాడే బరువు ముందు చక్రాన్ని తేలిక చేస్తుంది. అందులో రెయిన్‌కోట్ లాంటివే పెట్టు, టూల్స్ పానియర్ల అడుగున.

హోస్ట్: లైట్లు?

గెస్ట్: రిలే అనే కరెంటు స్విచ్, ఫ్యూజ్ వేసి బ్యాటరీ నుంచి విడిగా లాగించు, హెడ్‌లైట్ వైరుకి అతికించకు. హీటెడ్ గ్రిప్స్ కూడా కావాలంటే బండిలో కరెంటు తయారుచేసే ఆల్టర్నేటర్ ఎన్ని వాట్లు ఇస్తుందో, అందులో బండి తినగా ఎంత మిగులుతుందో చూసుకో. విండ్‌స్క్రీన్ మాత్రం స్నేహితుడిది అడిగి వాడి చూడకుండా కొనకు, నా ఎత్తుకి కుదిరింది నీకు తలకాయ నొప్పి కావచ్చు.

హోస్ట్: సరే, రేపు పొద్దున టేపు పట్టుకోడానికి నువ్వు రావాలి మరి.

గెస్ట్: వస్తా. ముందు ఆ పానియర్లు ఎవరి దగ్గరైనా అరువు తెచ్చి నింపి పెట్టు, ఖాళీ బండిని కొలిచి లాభం లేదు.