జీతాల మీద రవాణా పన్ను: కమ్యూనిటీ కాలేజీకి మినహాయింపు చట్టంలో ఎక్కడ చేరాలి?

నమస్తే అండీ. కమ్యూనిటీ కాలేజీలకు మినహాయింపు ఇమ్మని ఒక బిల్లు వస్తే, అది చట్టంలో ఎక్కడ చేరాలి? ఇవాళ ఆ పన్ను చట్టం విప్పి చూద్దాం. పక్కన ఎక్సెల్ షీట్ ఒకటి తెరిచి పెట్టుకోండి, మధ్యలో చిన్న లెక్క ఉంది.

న్యూయార్క్‌లో సబ్‌వే, సిటీ బస్సులు, శివారు రైళ్లు నడిపేది ఎంటీఏ. 2009లో ఆ సంస్థ డబ్బుకు కటకటలాడుతుంటే ఆల్బనీలో ఉన్న రాష్ట్ర చట్టసభ ఒక కొత్త పన్ను వేసింది. యజమాని ఇచ్చే జీతాల మొత్తం మీద 0.34 శాతం. ఇది వర్తించేది న్యూయార్క్ నగరంలోని ఐదు బరోలకు (నగరంలోని పెద్ద విభాగాలు), చుట్టూ ఉన్న ఏడు కౌంటీలకు (మన జిల్లాల్లాంటివి): నాసా (రాకెట్లు వదిలే నాసా కాదండీ, లాంగ్ ఐలాండ్‌లో కౌంటీ), సఫోక్, వెస్ట్‌చెస్టర్, రాక్‌ల్యాండ్, ఆరెంజ్, పట్నం, డచెస్.

దీన్ని ఉద్యోగి జీతంలోంచి కోయకూడదు, యజమానే కట్టాలి. న్యూజెర్సీలోని ఎడిసన్‌లో కాపురం ఉంటూ రోజూ మన్‌హట్టన్ ఆఫీసుకు వెళ్లే మనవాళ్లు మీ పే స్లిప్‌లో వెతకకండి, కనపడదు. కానీ మీ జీతం మాత్రం మీ కంపెనీ లెక్కలో ఉంటుంది.

ఇప్పుడు షీట్‌కి రండి. 2012 ఏప్రిల్ నుంచి అమలైన పాత పట్టిక వేస్తున్నాను. మూడు నెలల జీతాల బిల్లు 3,12,500 డాలర్లు దాటకపోతే పన్ను లేదు. దాటితే 3,75,000 వరకు 0.11 శాతం, 4,37,500 వరకు 0.23, ఆపైన 0.34.

ఇక్కడే మనం తప్పు చేస్తాం. మన ఇన్‌కమ్ ట్యాక్స్ స్లాబులకు అలవాటుపడిపోయి, పైన ఉన్న ముక్కకే పై రేటు అనుకుంటాం. నేనూ మొదటిసారి అలాగే వేసి, ఎంతకీ టాలీ కాక గంటసేపు కూర్చున్నాను. ఇక్కడ పద్ధతి వేరు. గీత దాటితే మొత్తానికి పై రేటే. 4,37,500 డాలర్ల మీద పన్ను 1,006 డాలర్లు. ఇంకొక్క డాలర్ కలపండి, 1,487 అయింది. చూశారా?

ఇప్పుడు కాలేజీ సంగతి. కమ్యూనిటీ కాలేజీ అంటే పన్నెండో తరగతి తర్వాత చదివే, ఎక్కువగా రెండేళ్ల కోర్సులుండే స్థానిక ప్రభుత్వ కాలేజీ. ఊరికే అనుకుందాం, ఒక కౌంటీ కమ్యూనిటీ కాలేజీ క్వార్టర్ (మూడు నెలల) జీతాలు కోటి డాలర్లు. 0.34 శాతం అంటే 34,000. ఏడాదికి 1,36,000 డాలర్లు. అక్కడ ఒక లెక్చరర్ పోస్టుకు సరిపోయే డబ్బు. ఈ కాలేజీలకు డబ్బు వచ్చేది ప్రధానంగా మూడు చోట్ల నుంచి: రాష్ట్రం, కౌంటీ, పిల్లల ఫీజు. మొదటి రెండూ పెరగకపోతే భారం ఫీజు మీదే పడుతుంది. (తర్వాత రేట్లు మారాయి. 2023లో నగరంలో పై రేటు 0.60 అయింది, 2025 జూలైలో పెద్ద యజమానులకు ఇంకో మెట్టు పెట్టారు. లెక్క సులువుగా ఉండాలని పాత రేటే వాడాను.)

సరే, మినహాయింపు ఎక్కడ ఉంటుంది? రేట్ల పట్టికలో వెతికితే దొరకదు. పన్ను చట్టం 23వ ఆర్టికల్, సెక్షన్ 800, ‘యజమాని’ అంటే ఎవరు అనే నిర్వచనంలో ఉంటుంది. ఫలానా వాళ్లు యజమాని కాదు అని అక్కడ రాస్తే చాలు, పన్ను పోయినట్టే. అమెరికా కేంద్ర ప్రభుత్వ సంస్థలు, ఐక్యరాజ్యసమితి ఆ జాబితాలో ఉన్నాయి. స్కూళ్లకు మొదట్లో అక్కడ చోటు లేదు. స్కూల్ డిస్ట్రిక్టులు (ప్రభుత్వ స్కూళ్లను నడిపే స్థానిక సంస్థలు) పన్ను కట్టేవి, రాష్ట్రం ఆ డబ్బు తిరిగి ఇచ్చేది. ఎడమ చేత్తో తీసుకుని కుడి చేత్తో ఇవ్వడం. 2011 డిసెంబరు సవరణతో ప్రభుత్వ, ప్రైవేటు స్కూళ్లను జాబితాలోనే చేర్చేశారు. తర్వాత లైబ్రరీలూ చేరాయి. స్కూళ్ల కోసం అక్కడ వాడిన ‘అర్హత గల విద్యాసంస్థ’ అన్న మాట మాత్రం పన్నెండో తరగతి దగ్గర ఆగిపోయింది. కమ్యూనిటీ కాలేజీలను మినహాయించాలంటే మార్చాల్సింది ఆ మాట అర్థమే, ఒక వాక్యం పని.

న్యాయమేనా అంటే, నా మట్టుకు నాకు కౌంటీని బట్టి మారుతుంది. క్వీన్స్‌లో లాగార్డియా కాలేజీ పిల్లలు 7 నంబర్ సబ్‌వే దిగి నడిచి వెళ్తారు. ఆ రైలుకు డబ్బు కట్టనంటే ఎలా? నాసా సంగతి వేరు. అక్కడి లోకల్ బస్సులను ఎంటీఏ 2011 చివరితో వదిలేసింది, కాలేజీకి వెళ్లే పిల్లలు ఎక్కేది ఇప్పుడు కౌంటీ బస్సు. హడ్సన్ నదికి అవతల ఉన్న రాక్‌ల్యాండ్, ఆరెంజ్‌ వాళ్ల కోపం ఇంకా ఎక్కువ. అక్కడి రైళ్లను ఎంటీఏ తరఫున నడిపేది న్యూజెర్సీ ట్రాన్సిట్. అయితే కాలేజీ కట్టడం మానేసిన సొమ్ము ఎంటీఏకి ఎక్కడినుంచో రావాలి కదా. బిల్లులో ఆ లోటు భర్తీ చేసే మాట ఉందో లేదో చూడండి.

చివర్లో ‘ఈ చట్టం ఎప్పటి నుంచి అమలు’ అనే చిన్న సెక్షన్ ఉంటుంది, దాన్ని వదలకండి. గడిచిపోయిన తేదీ నుంచి అని రాయకపోతే, కాలేజీ ఇప్పటిదాకా కట్టింది వెనక్కి రాదు. షీట్ లింక్ కింద పెట్టాను. పసుపు రంగు సెల్‌లో మీ కౌంటీ కాలేజీ బడ్జెట్‌లో ఉన్న జీతాల అంకెను నాలుగుతో భాగించి వేసి చూడండి.