పందిరి ముందు, పాదు తర్వాత

అధ్యక్షులకు, వేదిక మీది పెద్దలకు, ఓపిగ్గా కూర్చున్న మీ అందరికీ నమస్కారం. నాకిచ్చిన అంశం ఇంటి తోటకు తీగమొక్కల ఎంపిక. పేర్లు వరసగా చదివితే ఐదు నిమిషాల్లో అయిపోతుంది. చదవను. ఏ తీగ వేయాలని అందరూ అడుగుతారు. అది దేన్ని పట్టుకుని ఎక్కుతుందని అడిగేవాళ్లు అరుదు. నా గొడవంతా అదే.

తీగలన్నీ ఒక్కలా ఎక్కవు. చార్లెస్ డార్విన్ 1865లోనే దీని మీద పెద్ద వ్యాసం రాసి, ఎక్కే పద్ధతిని బట్టి వాటిని విడదీశాడు. చిక్కుడు, శంఖుపుష్పం, తీగబచ్చలి కాండంతోనే చుట్టుకుంటాయి. వీటికి నిలువు కర్రో తాడో ఉంటే చాలు. బీర, సొర, కాకర, దోస, ద్రాక్షలకు నులితీగలు, అంటే పట్టుకోడానికి కణుపుల దగ్గర వచ్చే సన్నటి దారాల్లాంటివి, ఉంటాయి. తమలపాకు, మిరియం, మనీప్లాంట్ కణుపుల దగ్గర వేళ్లు వేసి అంటుకుంటాయి. వీటికి గరుకుగా, తేమగా ఉండే మొద్దు కావాలి. కాగితపు పూల మొక్క అసలు దేన్నీ పట్టుకోదు, ముళ్లతో ఆనుకుంటుంది అంతే. దాన్ని మనమే కట్టాలి. తాడును ఎనిమిది అంకెలా తిప్పి, కాండం లావెక్కడానికి చోటు వదిలి కట్టాలి.

ఇప్పుడు కాకర పాదుకు లావు ప్లాస్టిక్ గొట్టం పాతారనుకోండి. నులితీగ పెన్సిల్ మందం దాటిన దాన్ని చుట్టలేక జారిపోతుంది. పాదు నేల మీద పడుతుంది, ఆకులు కుళ్లుతాయి, తిట్లు విత్తనానికి. ఆ గొట్టానికే జానెడు కన్నుల వల కట్టి ఉంటే సరిపోయేది. నులితీగ ఒకసారి పట్టు దొరికాక స్ప్రింగులా మెలి తిరుగుతుంది. సగం ఒక దిశలో, సగం ఎదురు దిశలో. గాలికి సాగి మళ్లీ దగ్గరికొచ్చేది అందుకే. ముదిరాక దాన్ని విడదీసి ఇంకోచోట పెడితే మళ్లీ పట్టుకోదు. చిక్కుడుదీ ఒక పట్టుదలే: పైనుంచి చూస్తే గడియారం ముల్లుకు ఎదురుగా తిరుగుతుంది. మీరు ముల్లు తిరిగే దిశలో చుట్టి పెడితే విప్పుకుని తన దారినే పోతుంది.

అందుకే పందిరి ముందు వేయండి, విత్తనం తర్వాత. మొక్క పెరిగాక కుండీలో కర్ర గుచ్చితే తెగేది వేళ్లే. పందిరి మనిషి నిలబడి చేతితో అందుకునేంత ఎత్తుండాలి. గోడకు ఆనించే జాలీ గోడకు కనీసం మూడు వేళ్లు ఎడంగా ఉండాలి, వెనక గాలి ఆడకపోతే బూడిద తెగులు అక్కడే మొదలవుతుంది. సొరకు నలభై లీటర్ల తొట్టి, తొట్టికి ఒకే పాదు. రెండు పెడితే రెండూ నీరసిస్తాయి.

ఎరువుల గురించి కూడా చెప్పమన్నారు గానీ, దానికంటే ముందు ఒక మాట. పూత చూసి పాదు పీకేసినవాళ్లు ఇక్కడ ఎంతమంది? చేతులెత్తండి, సిగ్గుపడక్కర్లేదు. "అన్నీ పూలే, కాయ లేదు, గొడ్డుపోయింది" అని పీకేస్తారు. అయ్యా, అమ్మా, మొదట వచ్చేవి మగపూలే! ఆడపువ్వు కింద వేలెడంత పిందె ఉంటుంది, మగపువ్వుకు ఉత్త కాడ. ఆడపూలు రావాలంటే ఆగండి. సొరకైతే అవి పక్క కొమ్మల మీద ఎక్కువగా వస్తాయి కాబట్టి, తీగ పందిరి ఎక్కగానే కొస తుంచండి. నత్రజని మరీ ఎక్కువిస్తే ఆకే తప్ప పూత ఉండదు. ఎరువుల మాట ఇంతటితో సరి.

ఇక పిందె పసుపెక్కి రాలిపోతోందంటే చాలాసార్లు పుప్పొడి అందలేదనే. ఎత్తైన మేడల మీదికి తేనెటీగలు సరిగా రావు. అప్పుడు ఆ పని మనదే. వేళ తెలియాలి. బీర, సొర, పొట్ల సాయంత్రం విచ్చుకుంటాయి; కాకర, దోస, గుమ్మడి, నేతిబీర తెల్లవారుజామున. పొద్దున పదింటికి తీరిగ్గా వెళ్లి బీరపువ్వు వెతికితే వాడిపోయి కనిపిస్తుంది. అప్పుడే విచ్చిన మగపువ్వు కోసి, రేకలు తీసేసి, పుప్పొడిని ఆడపువ్వు మధ్యలో పుప్పొడిని అందుకునే కీలాగ్రానికి అన్ని వైపులా మెల్లగా రాయండి. ఒకవైపే అంటితే కాయ వంకరపోవచ్చు.

పిందె నిలిచాక కూడా కుళ్లితే, చిన్న గుచ్చు, దాన్నుంచి కారిన జిగురు ఉన్నాయేమో చూడండి. ఉంటే పండు ఈగ పని. కోసి చూస్తే పురుగులు కనబడతాయి. మందు కొట్టినా లోపలి పురుగును అందుకోదు. ఆ కాయల్ని ఎరువు గుంటలో పడేయకండి, నీళ్లలో ముంచి చంపండి. మిగిలిన పిందెలకు పువ్వు వాడగానే కాగితం సంచి తొడగండి.

చీటీలు చాలా వచ్చాయి, ఎక్కువ దొండ మీదే. దొండలో ఆడ, మగ పాదులు వేరు. కానీ తోటల్లో పెంచే రకాలు పుప్పొడి లేకుండానే కాస్తాయి, మగపాదు కోసం వెతక్కండి. కాసే పాదు నుంచి కొమ్మ తెచ్చి నాటండి, విత్తనం వద్దు. ఆగాకర అలా కాదు, దానికి మగపాదు ఉండి తీరాలి. పది ఆడపాదులకు ఒకటి చాలు. విత్తనంతో వేస్తే ఏది ఏదో పూసేదాకా తెలియదు, కాబట్టి ఆడదో మగదో చూసి గుర్తుపెట్టిన పాదు దుంపలే అడిగి తెచ్చుకోండి.