స్నాతకోత్సవంలో నా పేరెందుకు చదవరు?

(స్టూడియో చర్చ నుంచి. పాల్గొన్నవారు: ఈమధ్యే ఎమ్మెస్సీ పూర్తి చేసిన విద్యార్థిని, ఒక విశ్రాంత రిజిస్ట్రార్, డిగ్రీ చదువుతున్న అబ్బాయి తల్లి.)

వ్యాఖ్యాత: నమస్కారం. మన పెద్ద రాష్ట్ర విశ్వవిద్యాలయాల స్నాతకోత్సవాల్లో వేదిక ఎక్కేది ఎక్కువగా పీహెచ్‌డీలు, గోల్డ్ మెడలిస్టులే. మిగతా పిల్లల సంగతి మాట్లాడుకుందాం. అమ్మా, మీ పట్టా మీరు ఎక్కడ తీసుకున్నారు?

విద్యార్థిని: ఎగ్జామినేషన్ బ్రాంచ్ కౌంటర్ దగ్గర సార్. ఫీజు రసీదు, ప్రొవిజనల్, ఆధార్ జిరాక్స్ ఇచ్చాను. రిజిస్టర్‌లో సంతకం పెట్టించుకుని కవరు చేతిలో పెట్టారు. మా అమ్మ పట్టుచీర కట్టుకుని వచ్చింది. కవరు చూసి "అయిపోయిందా? ఇంకేం లేదా?" అంది. ఆ మాటకి నాకు ఏడుపొచ్చింది. మా ఇంట్లో పీజీ చేసిన మొదటి మనిషిని నేనే సార్.

వ్యాఖ్యాత: స్నాతకోత్సవం జరగలేదా?

విద్యార్థిని: జరిగింది. హాల్లో మాకు చోటు లేదన్నారు. హాస్టల్లో అందరం ఒక్క ఫోన్ ముందు కూర్చుని లైవ్ చూశాం. మా డిపార్ట్‌మెంట్ పేరు వస్తుందేమోనని చివరిదాకా చూశాం. "సైన్స్ ఫ్యాకల్టీ" అని ఒక్కసారి అన్నారు, అంతే.

విశ్రాంత రిజిస్ట్రార్: ఆ ఒక్క మాటలోనే నీ పట్టా ఉందమ్మా. అది చాలామందికి తెలియదు. డీన్, అంటే ఆ ఫ్యాకల్టీ పెద్ద, లేచి, ఫలానా ఫ్యాకల్టీలో అర్హులైన వాళ్లందరికీ పట్టాలు ఇవ్వమని కులపతిని, అంటే ఛాన్సలర్‌ని, కోరతారు. కులపతి సరేనని ప్రకటించిన క్షణం నుంచి, హాల్లో ఉన్నా లేకపోయినా, నువ్వు పట్టభద్రురాలివే. రానివాళ్లకు ఇచ్చేదాన్నే ఇన్ ఆబ్సెన్షియా అంటాం.

విద్యార్థిని: చట్టం ప్రకారం సరే సార్. కానీ నేను రాలేదని రాసుకున్నారు. నన్ను రానివ్వలేదు కదా!

తల్లి: మా బాబు ఫైనలియర్ సార్. వాడి సీనియర్లకి పరీక్షలైన చాలా కాలానికి గానీ ఒరిజినల్ చేతికి రాలేదట. దానికేమైనా రూలుందా?

విశ్రాంత రిజిస్ట్రార్: ఉందమ్మా. విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 2008 నిబంధనల ప్రకారం విద్యార్థి అర్హత పొందాల్సిన తేదీ నుంచి 180 రోజుల్లోపు పట్టా ఇవ్వాలి. ఆచరణలో స్నాతకోత్సవం తేదీ చాలా వాటి మీద ఆధారపడుతుంది. రాష్ట్ర విశ్వవిద్యాలయాలకు సాధారణంగా గవర్నరే కులపతి. ఆయన వీలు చూడాలి, ముఖ్య అతిథి వీలు చూడాలి, ఆ సమయానికి పూర్తికాలపు వీసీ ఉండాలి. ఒక్కటి కుదరకపోయినా వాయిదా పడుతుంది.

విద్యార్థిని: ఈ లెక్కలో విద్యార్థి వీలు ఎక్కడుంది సార్? తేదీ ఖాయమయ్యేసరికి మాలో సగంమంది బెంగళూరులో ఉద్యోగాల్లో ఉంటారు.

వ్యాఖ్యాత: గౌన్ల మీద కూడా ఎప్పుడూ వాదనే. 2010లో భోపాల్‌లో అప్పటి కేంద్ర మంత్రి జైరాం రమేశ్ వేదిక మీదే గౌను తీసేశారు, అది వలస పాలన అవశేషమని.

విశ్రాంత రిజిస్ట్రార్: ఆ మాటలో నిజముంది. 1857లో మద్రాసు, కలకత్తా, బొంబాయి విశ్వవిద్యాలయాలు లండన్ విశ్వవిద్యాలయం నమూనాలో పుట్టాయి. 1926లో మన ఆంధ్ర విశ్వకళాపరిషత్తు మద్రాసు నుంచే విడివడింది. ఆ పద్ధతులు అలా వచ్చినవే. ఇప్పుడు చాలాచోట్ల చేనేత కండువాలు వేస్తున్నారు, మంచిదే.

విద్యార్థిని: గౌనైనా కండువా అయినా నాకు ఒకటే సార్. దాన్ని నా భుజాన వేసేది ఎవరన్నదే నాకు ముఖ్యం. చదువు ముగించుకుని వెళ్లే శిష్యుడితో "సత్యం వద, ధర్మం చర" అని తైత్తిరీయోపనిషత్తులో గురువే చెప్తాడు కదా. చాలా స్నాతకోత్సవాల్లో ఇప్పటికీ ఆ మాటలు చదువుతారు. మరి నాకు ల్యాబ్‌లో టైట్రేషన్ సరిగ్గా రాకపోతే సాయంత్రం ఏడింటిదాకా పక్కన నిలబడి నేర్పిన మేడంకి ఆ వేదిక మీద కుర్చీ లేదు. ఆవిడ కూడా లైవే చూశారు.

తల్లి: ఆ మేడం చేత ఇప్పిస్తే ఎంత బాగుండేదమ్మా!

విశ్రాంత రిజిస్ట్రార్: లెక్క చూడండి. ఒక పేరు చదివి పట్టా ఇవ్వడానికి పది సెకన్లు అనుకుందాం. వెయ్యి మందికి దాదాపు మూడు గంటలు. అనుబంధ కాలేజీలన్నీ కలిస్తే ఎన్ని వేలమంది అవుతారు?

విద్యార్థిని: అందుకే ఒక్క హాల్లో వద్దంటున్నాను. స్వయంప్రతిపత్తి ఉన్న కాలేజీలు గ్రాడ్యుయేషన్ డే సొంతంగా చేసుకుంటున్నాయి. మా క్లాసులో ముప్పై చిల్లర మందిమి. సెమినార్ హాల్ చాలు. కులపతి ప్రకటన మామూలుగా జరగనివ్వండి. ఆ వారంలోనే ఒక శనివారం డిపార్ట్‌మెంట్‌లో పేర్లు చదవండి. ఇంటి నుంచి ఇద్దరిని రానివ్వండి. పట్టా మా మేడం చేత్తో ఇప్పించండి.

వ్యాఖ్యాత: దీనికి చట్టం మార్చాలా సార్?

విశ్రాంత రిజిస్ట్రార్: అక్కర్లేదు. పట్టా కులపతి ప్రకటనతోనే వచ్చేస్తుంది కాబట్టి కాగితం ఎక్కడ ఇచ్చినా ఇబ్బంది లేదు. వీసీ ఒక సర్క్యులర్ ఇస్తే చాలు. కాకపోతే పట్టాలు ఆరోజుకి ప్రింటై, సరిచూసి ఉండాలి. పేర్లలో అచ్చుతప్పులుంటే అక్కడే గొడవ.

విద్యార్థిని: ప్రూఫ్ మాకు ముందే పంపండి సార్. మా పేర్లు మేమే సరిచూసి సంతకం పెడతాం.