ఇటు తోస్తే అటు ఎందుకు కదిలింది? పిల్లలతో లీవర్ ఆట

నమస్తే అండీ! ఈరోజు వ్లాగ్‌లో బయటికెక్కడికీ వెళ్ళట్లేదు. డైనింగ్ టేబుల్ దగ్గరే పిల్లలిద్దరికీ లీవర్, అంటే ఒకచోట బిగించిన పిన్ను చుట్టూ తిరిగే కడ్డీ లాంటిది, చూపించబోతున్నా. లీవర్ అనగానే చాలామంది బరువులెత్తడంతో మొదలుపెడతారు. చిన్నపిల్లలకైతే దిశ మారడమే ముందు చూపించాలని నాకనిపిస్తుంది. బలం ఎంత తగ్గిందో చేతికి సరిగ్గా తెలియకపోవచ్చు గానీ, దిశ మారితే కంటికి వెంటనే కనిపిస్తుంది.

ఇదిగో, పార్సిల్ వచ్చిన అట్టపెట్టె. పెద్ద ముక్క అడుగున పలకలా పెట్టాం. 30 సెంటీమీటర్ల పొడవున్న పట్టీ ఒకటి కత్తిరించి, సరిగ్గా మధ్యలో చిల్లు పెట్టి, కాళ్ళు విడదీసే పేపర్ పిన్నుతో పలకకి బిగించాం. మరీ గట్టిగా కాదు, తిరగాలి కదా. పై కొసకి పాప గీసిన పిట్ట బొమ్మ అంటించాం.

తొయ్యకముందే అడగాలండీ, అది చాలా ముఖ్యం. "కింది కొసని ఎడమకి తోస్తే పిట్ట ఎటు పోతుంది?" పాప వెంటనే ఎడమకే అంది. బాబు ఏమీ అనకుండా పిన్ను వంకే చూస్తున్నాడు. తోసింది... పిట్ట కుడికి వెళ్ళింది! మళ్ళీ తోసింది, మళ్ళీ కుడికే. ముందు ఒక మాట అనేసింది కాబట్టే ఆ ఆశ్చర్యం. పిన్ను జరగదు, పట్టీ దాని చుట్టూ తిరగాల్సిందే. అందుకే ఒక కొస ఇటొస్తే రెండోది అటు పోతుంది.

ఇక్కడితో ఆపేస్తే "లీవర్ ఎప్పుడూ దిశ మారుస్తుంది" అనే పిల్లలకి గుర్తుండిపోతుంది. అది నిజం కాదు. అందుకే పిన్ను తీసి కింది కొసలో గుచ్చాం. ఈసారి పట్టీని మధ్యలో పట్టుకుని ఎడమకి తోస్తే పిట్ట కూడా ఎడమకే వెళ్ళింది. చెయ్యి, పిట్ట పిన్నుకి చెరోవైపు ఉంటే దిశ తిరగబడుతుంది, రెండూ ఒకేవైపు ఉంటే మారదు. ఇది నేను చెప్పలేదండీ, బాబే పట్టుకున్నాడు!

తర్వాత పిన్నుని కింది కొసకి 10 సెంటీమీటర్ల దూరంలో పెట్టాం. పైన 20 మిగిలింది. కింద చెయ్యి 2 సెంటీమీటర్లు కదిలితే పిట్ట సుమారు 4 కదిలింది. అంత ఎక్కువ దూరం కదిలినందుకు పిట్ట దగ్గర బలం సగమే ఉంటుంది. దాని మీద చిన్న రబ్బరు ముక్క పెడితే తొయ్యడం కష్టమైంది.

నాకు బాగా నచ్చింది ఎల్ ఆకారం ముక్క. మూలలో పిన్ను, ఒక పట్టీ నిటారుగా పైకి, ఇంకోటి అడ్డంగా కుడికి. పై కొసని కుడికి తోస్తే అడ్డంగా ఉన్న పట్టీ కొస కిందికి దిగుతుంది, ఎడమకి లాగితే పైకి లేస్తుంది. పక్కకి చేసిన కదలిక నిలువుగా మారిపోయింది! దీన్ని బెల్ క్రాంక్ అంటారు. కరెంటు గంటలు లేని రోజుల్లో పెద్ద ఇళ్ళలో గంట మోగించడానికి లాగే తీగ మలుపు తిరిగేచోట ఇలాంటి ముక్కలే ఉండేవి.

ఇక ఇంట్లో వెతుకుదాం అన్నారు ఇద్దరూ. బాత్రూంలో ఫ్లష్ ట్యాంక్ మూత తీశాను. బయట పిడి కిందికి నొక్కితే లోపలి కడ్డీ పైకి లేచి, గొలుసుతో అడుగున ఉన్న మూతని ఎత్తుతోంది. పాప ఈసారి నొక్కకముందే "పైకి వస్తుంది" అంది. బాబు టార్చ్ వేసి చూసి, "అమ్మా, దీని పిన్ను ట్యాంక్ గోడలో ఉంది" అన్నాడు.